సీ ఏ టీ అంటే ‘సీయేటీ’ కావాలె గదా టీచర్?

నల్లగొండ టీచర్:
మాది ఊరి ప్రాథమిక పాఠశాల. నాది మూడో తరగతి. 2022-23లో మా సర్కారు బళ్లకు ఇంగ్లిష్ మీడియం వచ్చినప్పటి నుంచి పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, పక్కన తెలుగు. పిల్లల కళ్లు ముందు తెలుగు పేజీ మీదికే పోతాయి. పోనీ, అర్థమైతే అదే చాలు అనుకుంటాను.

పొద్దున ఇంగ్లిష్ పీరియడ్‌లో ‘సీ ఏ టీ క్యాట్, క్యాట్ అంటే పిల్లి’ అని గది దద్దరిల్లేలా చదువుతారు. నిన్న బోర్డు మీద ఆ సీ తుడిచేసి ఎం రాశాను. చదవమంటే ఒక్కరూ మాట్లాడరు. ఒక పాప మెల్లగా ‘ఎమేటీ’ అన్నది. వెనక వరుస పిల్లాడు లేచి, ‘టీచర్, గట్లయితే సీ ఏ టీ అంటే సీయేటీ కావాలె గదా, క్యాట్ ఎట్లయితది?’ అని అడిగిండు. నాకు జవాబు తోచలేదు. వాడు అడిగింది న్యాయమే. మన ‘క’కు పేరూ అదే, పలికేదీ అదే. ఇంగ్లిష్ అట్లా కాదని ఎనిమిదేళ్ల పిల్లలకు ఎట్లా చెప్పాలి?

పాలమూరు సార్:
మేడం, ముందు ఆ పిల్లాడిని మెచ్చుకోండి. మా పిల్లలకు నేను పొల్లుతో చెప్పాను. ‘సీ’ అనేది పేరు, దాని చప్పుడు ‘క్’. క్, యా, ట్ కలిపితే క్యాట్, గుణింతం కట్టినట్టే. ఇరవై ఆరూ ఒకేసారి వద్దు. ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్, ఈ ఆరింటితో మొదలుపెట్టండి. పిన్, టిన్, ప్యాన్, న్యాప్, సిట్, బోలెడు మాటలు వస్తాయి. ‘ట్’ అనమంటే ‘ట’ అంటారు, చివర అచ్చు పెట్టడం మన నోటికి అలవాటు. గుసగుసగా అనిపించండి, ఆ అచ్చు దానంతటదే పోతుంది.

గుంటూరు హైస్కూల్:
సార్ చెప్పింది నిజమేనండీ, కానీ ‘వాజ్’, ‘సెడ్’ లాంటివి చప్పుళ్లకు లొంగవు. వాటిని అట్టముక్కల మీద రాసి గోడకు అంటించండి, రోజూ చూస్తుంటే గుర్తుండిపోతాయి. ఇంకో మాట. తెలుగు మాట్లాడితే రూపాయి ఫైన్ వేసే బడిలో చదివాను నేను. ఏడాదంతా నోరు విప్పలేదు. దయచేసి పిల్లల్ని తెలుగులో అడగనివ్వండి. ఆ బాబు ప్రశ్న తెలుగులోనే వచ్చింది కదా.

నల్లగొండ టీచర్:
ఇయ్యాల ఎస్, ఏ, టీ, పీ చెప్పాను, నాలుగే. అక్షరాలు రాసిన కాగితం ముక్కలు కింద పరిస్తే చుట్టూ చేరి కూర్చున్నారు. నిన్న అడిగిన పిల్లాడు టీ, ఏ, పీ పక్కపక్కన జరిపి, ‘ట్... యా... ప్’ అని రెండుసార్లు గొణిగి, ఒక్కసారిగా ‘ట్యాప్!’ అన్నడు. అంటూనే కిటికీలోంచి వరండా చివర ఉన్న నల్లా దిక్కు చెయ్యి చూపించిండు. ఆ మాట నేనింకా చెప్పనే లేదు.