అమెరికా ఎన్నికల్లో క్రాస్ ఓటింగ్‌ను కాంగ్రెస్ నియోజకవర్గాల వారీగా లెక్కగట్టేదెలా?

ప్రశ్న:
2024లో అధ్యక్షుడికి ఒక పార్టీ, ప్రతినిధుల సభకు ఇంకో పార్టీ అంటూ ఓటేసినవాళ్లు ఏ నియోజకవర్గంలో ఎంతమందో పట్టిక వేస్తున్నాను. నెబ్రాస్కా రాష్ట్రం రెండో నియోజకవర్గంలో రిపబ్లికన్ ట్రంప్‌కు 47 శాతం లోపే వచ్చాయి, అదే పార్టీ సిట్టింగ్ సభ్యుడు డాన్ బేకన్‌కు దాదాపు 51. అంటే నూటికి నలుగురు క్రాస్ ఓటింగ్ చేశారని రాయొచ్చా? ఇంకో చిక్కు ఏమిటంటే, చాలా రాష్ట్రాలు అధ్యక్ష ఫలితాలను నియోజకవర్గాల వారీగా ఇవ్వవు. కౌంటీ (మన జిల్లా లాంటిది) మధ్యలోంచి హద్దు పోయినచోట ఓట్లు విడదీసేదెలా?

జవాబు 1:
అలా రాయకండి. మీకు వచ్చింది నికర తేడా. వంద మంది ఓటర్లున్న చోట అధ్యక్షుడికి 52–48, సభకు 48–52 వచ్చాయనుకోండి. నలుగురు ఇటు నుంచి అటు మారినా ఇదే ఫలితం, 14 మంది అటు, 10 మంది ఇటు మారినా ఇదే. ఆ మాటకొస్తే వందకు వంద మందీ క్రాస్ ఓటింగ్ చేసినా ఇవే అంకెలు వస్తాయి. కాబట్టి ఆ తేడా చెప్పేది కనీసం ఎంతమంది అన్నదే, అదీ రెండు పోటీల్లోనూ ఇద్దరే అభ్యర్థులుండి, అందరూ రెండు ఓట్లూ వేసినప్పుడు.

మీ ఉదాహరణలో ఆ షరతు కూడా కుదరదు. అక్కడ అధ్యక్ష బ్యాలట్‌లో చిన్న పార్టీల వాళ్లకూ ఇతరులకూ రెండు శాతం దాకా పోయాయి. సభకు పోటీ బేకన్, డెమొక్రాట్ టోనీ వర్గాస్ ఇద్దరి మధ్యే. ఆ రెండు శాతంలో బేకన్‌కు వేసినవాళ్లను డెమొక్రాట్ అధ్యక్ష అభ్యర్థి హారిస్ ఓటర్లుగా లెక్కేస్తే తప్పు. పైగా అధ్యక్షుడికి వేసి సభ గడి ఖాళీగా వదిలేసేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. శాతాలు పక్కనపెట్టి ముందు ఓట్ల సంఖ్యలే రాసుకోండి. పోలైన మొత్తం బ్యాలట్లు, అధ్యక్ష ఓట్లు, సభ ఓట్లు మూడు వేర్వేరు గడుల్లో ఉండాలి.

మనుషులనే లెక్కపెట్టాలంటే ఒక్కో బ్యాలట్‌లో అన్ని ఎంపికలూ కలిపి కనిపించే రికార్డులు కావాలి. పేర్లు లేకుండా వీటిని అలాస్కా విడుదల చేస్తుంది. మిగతా చాలా చోట్ల కొన్ని కౌంటీలే ఇస్తాయి.

జవాబు 2:
విడదీయడం గురించి. మెయిన్, నెబ్రాస్కా అధ్యక్షుడిని ఎన్నుకునే ఎలక్టర్లను నియోజకవర్గాల వారీగా కేటాయిస్తాయి కాబట్టి అక్కడ అధికారిక లెక్కే దొరుకుతుంది. అలాస్కా, డెలావేర్, ఉత్తర డకోటా, దక్షిణ డకోటా, వెర్మాంట్, వయోమింగ్‌లకు ఒక్కో సీటే, అక్కడా పని లేదు.

మిగతా రాష్ట్రాల్లో ముందు పూర్తిగా ఒకే నియోజకవర్గంలో ఉన్న కౌంటీలను కలిపేయండి. చీలిన కౌంటీలకు మాత్రమే ప్రీసింక్ట్ (ఓట్లు లెక్కించే అతి చిన్న ప్రాంతం) ఫలితాలు తెచ్చుకోండి. ప్రీసింక్ట్ కూడా చీలితే ఆ రెండు ముక్కల్లో పోలైన సభ ఓట్ల నిష్పత్తిలో అధ్యక్ష ఓట్లు పంచండి.

అసలు దెబ్బతినేది పోస్టల్, ముందస్తు ఓట్ల దగ్గర. కొన్నిచోట్ల వీటిని ప్రీసింక్ట్‌కు చేర్చకుండా కౌంటీ మొత్తంగా చూపిస్తారు. పోలింగ్ రోజు ఓట్ల నిష్పత్తిలో పంచేస్తే తప్పుదారి పడతారు, ఎందుకంటే 2020 నుంచి ఏ పార్టీ వాళ్లు ఏ పద్ధతిలో ఓటేస్తున్నారన్నదాంట్లో పెద్ద తేడా ఉంది. ఒక్కో అభ్యర్థి పోస్టల్ ఓట్లను ఆ అభ్యర్థి ప్రీసింక్ట్ ఓట్ల ప్రకారమే విడిగా పంచండి. ఇదీ అంచనానే, కాకపోతే పొరపాటు తగ్గుతుంది. చివర్లో అన్ని నియోజకవర్గాలూ కూడితే రాష్ట్రం ధ్రువీకరించిన మొత్తం ఒక్క ఓటు తేడా లేకుండా రావాలి. రాకపోతే ఏదో ప్రీసింక్ట్ రెండుసార్లు పడిందనో, వదిలేశారనో అర్థం.

జవాబు 3:
కొన్ని సీట్లను పట్టికలోంచి తీసేయాల్సిందే. ఫ్లోరిడాలో పోటీ లేని అభ్యర్థి పేరు బ్యాలట్ మీదికే రాదు, అక్కడ సభ ఓట్లు సున్నా. కాలిఫోర్నియా, వాషింగ్టన్‌లలో ప్రైమరీలో (తుది పోటీకి ముందు జరిగే వడపోత ఎన్నికలో) మొదటి రెండు స్థానాలవాళ్లు ఏ పార్టీ అయినా ముందుకెళ్తారు. ఇద్దరూ ఒకే పార్టీ అయితే రెండో పార్టీ ఓటరు అధ్యక్షుడికి వేసిన పార్టీకే సభలోనూ వేసే వీలే లేదు. న్యూయార్క్‌లో ఒకే అభ్యర్థి రెండు పార్టీల వరుసల్లో ఉంటారు. వర్కింగ్ ఫ్యామిలీస్ అనే చిన్న పార్టీ వరుసలో హారిస్‌కు పడ్డ ఓట్లు కలపడం మరిచిపోతే లేని క్రాస్ ఓటింగ్ కనిపిస్తుంది.

జవాబు 4:
పాత ఏళ్లతో పోల్చే ఉద్దేశముంటే ఒక జాగ్రత్త. అధ్యక్షుడికి ఒక పార్టీ, సభకు ఇంకో పార్టీ గెలిచిన సీట్లు 2008లో 83, 2012లో 26, 2016లో 35, 2020లో 16. 2024లోనూ 16 (ట్రంప్ గెలిచినచోట డెమొక్రాట్లు 13, హారిస్ గెలిచినచోట రిపబ్లికన్లు ముగ్గురు). 83 నుంచి 26కు పడింది ఓటర్లు మారినందువల్లే అనుకోకండి. 2008లో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి మెకెయిన్‌కు ఆధిక్యం వచ్చిన సీట్లలోని డెమొక్రాట్లు 2010లో గుంపుగా ఓడారు, ఆపైన 2012కు హద్దులు కొత్తగా గీశారు. అదీగాక ఒక పార్టీకి 30 పాయింట్ల ఆధిక్యం ఉన్న సీటులో వేలమంది క్రాస్ ఓటింగ్ చేసినా ఈ జాబితాకు ఎక్కదు.

2022, 2024 పక్కపక్కన పెట్టేటప్పుడు ఉత్తర కరొలైనా లాంటి రాష్ట్రాల్లో హద్దులు మళ్లీ మారాయని చూసుకోండి. నంబరు అదే ఉన్నా ఊళ్లు వేరు. ఇలాంటి సీట్లకు పాత ఓట్లను కొత్త హద్దుల ప్రకారం ప్రీసింక్ట్ స్థాయిలో మళ్లీ కూడుకోవాలి.