లామార్ 1874 ప్రసంగాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

అందరికీ నమస్కారం. ఎం.ఏ. హిస్టరీ సెమినార్ కోసం మిసిసిపీ లాయర్ లూసియస్ లామార్ గురించి చదువుతున్నాను. 1861లో ఆ రాష్ట్రం అమెరికా నుంచి విడిపోయే తీర్మానం రాసింది ఈయనే. మరుసటి ఏడాది అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది తరఫున పోరాడుతూ, విలియమ్స్‌బర్గ్ యుద్ధంలో కర్నల్ చనిపోతే రెజిమెంట్‌ను తానే నడిపాడు. అలాంటి మనిషి, బానిసత్వంపై జీవితాంతం పోరాడిన ఉత్తరాది సెనేటర్ చార్లెస్ సమ్నర్‌కు 1874లో అమెరికా ప్రతినిధుల సభలో నిలబడి నివాళి అర్పించాడు, ఉత్తర దక్షిణాలు కలిసిపోవాలన్నాడు. చదువుతుంటే ఒళ్లు పులకరించింది. కానీ మరుసటి ఏడాదే మిసిసిపీలో నల్లజాతి ఓటర్లను బెదిరించి, చంపి మరీ లామార్ పార్టీ అయిన డెమోక్రటిక్ పార్టీ ఎన్నికల్లో గెలిచింది. మరి ఆ సయోధ్యలో వాళ్లకు చోటేది? ఆ ఎన్నికల్లో లామార్ పాత్ర తెలిసే ఉత్తరాలు, వాటిపై జరిగిన 1876 సెనేట్ విచారణ రికార్డులు ఆన్‌లైన్‌లో ఎక్కడ చదవొచ్చో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.