4 కప్పుల మామిడిపండు అంటే ఎన్ని గ్రాములు?

అమెరికాలో ఉండే మా వదిన పంపిన కొలతలతో మామిడి జామ్ చేస్తున్నాను. పండు 4 కప్పులు, పంచదార 3 కప్పులు, నిమ్మరసం 2 టేబుల్ స్పూన్లు, అంతే. జామ్ గట్టిపడటానికి వేసే పెక్టిన్ వేయక్కర్లేదట. పంచదారతో పేచీ లేదు, కప్పుకి 200 గ్రాములు. చిక్కంతా పండు దగ్గరే. ముక్కలా, గుజ్జా అన్నది అందులో లేదు. వదినా ఎక్కడో చూసి రాసుకుందట, తనకీ తెలీదు.

నా కప్పు 240 మి.లీ. పండు సువర్ణరేఖ, ఎంవీపీ కాలనీ రైతుబజారులో కొన్నది. తొక్క, టెంక తీసి డిజిటల్ కాటా మీద తూచాను. పెద్ద ముక్కలు వదులుగా పోస్తే కప్పుకి 150 గ్రాములు. శనగగింజంత తరిగి కాస్త అదిమితే 190. మిక్సీలో తిప్పిన గుజ్జయితే 245! అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో ముక్కలు కప్పుకి 165 గ్రాములని ఉంది.

ఆ లెక్కన 660 గ్రాములు వేస్తే జామ్ పాకంలా జారింది, తీపికి మొహం మొత్తింది. గుజ్జు లెక్కన 980 వేస్తే, జామ్ దింపాల్సిన 105 డిగ్రీల (సెల్సియస్) వేడి రాకముందే చిట్లి చేతుల మీద పడుతూ, అడుగంటి, చల్లారాక తాండ్రలా బిగుసుకుంది. వైజాగ్ ఉక్కపోతలో మళ్లీ మళ్లీ పొయ్యి దగ్గర నిలబడే ఓపిక లేదు.

పెక్టిన్ లేకుండా జామ్ చేసేవాళ్లు చెప్పండి: 600 గ్రాముల పంచదారకి తొక్క, టెంక తీసిన మామిడి ఎన్ని గ్రాములు వేస్తారు?