ఆల్చిప్పల క్యాన్సర్‌కూ మనిషి క్యాన్సర్‌కూ పోలిక ఎక్కడ?

ప్రశ్న (ఎమ్మెస్సీ జంతుశాస్త్రం విద్యార్థిని, అనంతపురం): సెమినార్ కోసం మయా అరెనారియా అనే పలుచని పెంకు ఆల్చిప్పను ఎంచుకున్నాను. దాని రక్తకణాలకు ల్యుకేమియా (రక్త క్యాన్సర్) వంటి వ్యాధి వస్తుందనీ, దాన్ని మనిషి క్యాన్సర్‌కు నమూనాగా వాడారనీ చదివాను. వెన్నెముకే లేని జీవికీ మనకూ పోలిక ఎలా కుదురుతుందో వివరించగలరా?

జవాబు (అధ్యాపకుడు, కర్నూలు): అమ్మా, పోలిక పి53 అనే ప్రోటీన్ దగ్గర ఉంది. డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు ఇది కేంద్రకంలో పనిచేసి కణ విభజనను ఆపుతుంది, లేదా ఆ కణం తనంతట తానే చనిపోయేలా చేస్తుంది. మనుషుల క్యాన్సర్లలో సుమారు సగం వాటిలో దీని జన్యువే మార్పు చెంది ఉంటుంది. ఈ ఆల్చిప్పలో మాత్రం ప్రోటీన్ సవ్యంగానే ఉన్నా, మోర్టాలిన్ అనే మరో ప్రోటీన్ దాన్ని కేంద్రకం బయట, కణద్రవ్యంలోనే పట్టి ఉంచడం వల్ల, వాకిట్లో కట్టేసిన కావలికుక్కలా అది లోపలికి చేరలేదు. కొన్ని మానవ క్యాన్సర్ కణాల్లోనూ ఇదే కనిపిస్తుంది కనుక, ఆ బంధాన్ని విడదీసే మందులను పరీక్షించడానికి ఈ జీవి అక్కరకు వచ్చింది. పైగా ప్రాణిని చంపకుండానే సిరంజితో రక్తం తీసి చూడవచ్చు. ప్రయోగశాలలో ఇది చిన్న సౌకర్యం కాదు.

జవాబు (కడప): ఒక మాట చేర్చాలి. 2015లో జన్యు పరీక్షలు చేసినప్పుడు, న్యూయార్క్ నుంచి కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి వరకు వేర్వేరు చోట్ల దొరికిన ఆల్చిప్పల్లోని క్యాన్సర్ కణాలు, అవి ఉన్న ప్రాణితో కాక ఒకదానితో ఒకటి సరిపోలాయి. అంటే క్యాన్సర్ కణమే ఒక ప్రాణి నుంచి మరొకదానికి వ్యాపిస్తోంది. అందువల్ల, క్యాన్సర్ ప్రతి ప్రాణిలోనూ విడిగా పుడుతుందని భావించిన పాత వ్యాసాలను జాగ్రత్తగా చదవండి. నా దృష్టిలో పి53 కన్నా ఇదే ఆసక్తికరం.

విద్యార్థిని: ధన్యవాదాలు సార్. మనుషులకు అంటుతుందా అని తరగతిలో తప్పక అడుగుతారు.

అధ్యాపకుడు: మనుషులకు సోకిన దాఖలా లేదమ్మా. పరాయి జాతి కణాలను మన రోగనిరోధక వ్యవస్థ తిరస్కరిస్తుంది.