అప్‌డేట్: నల్లకోటు, మేకప్ రెండూ కుదురుతాయా అని అడిగాను కదా

రెండు నెలల కిందట అడిగాను: వయసు 58, అనంతపురంలో వకీలుని, వెబ్ సిరీస్‌లో జడ్జి వేషం వచ్చింది, చేయొచ్చా? పైగా ఫేస్‌బుక్‌లో నా నోరు ఊరుకోదు, ఏం చేయమంటారు?

చేశాను. జీతానికి ఫుల్‌టైమ్ ఉద్యోగం, సొంతంగా నడిపే వ్యాపారం ఈ వృత్తిలో కూడవు. నాలుగు రోజుల వేషం ఆ లెక్కలోకి రాదని మా సీనియర్ అన్నారు. "తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ వకీలు కాడా, నటుడు కాడా? పోప్పా!" అని తోలారు.

సెట్‌లో మొదటి గొడవే సుత్తితో. బల్ల మీద పెట్టి కొట్టమన్నారు. మన కోర్టుల్లో సుత్తి ఉండదు సార్ అన్నాను. డైరెక్టర్ ఒక నిమిషం ఆలోచించి, "ఉంటే బాగుంటుంది" అన్నాడు. కొట్టాను. మరుసటి వారం బార్ రూంలో జూనియర్లు నన్ను చూడగానే బల్ల మీద స్టీలు గ్లాసుతో టకటకా మోగించారు!

వాయిదాలదే అసలు టెన్షన్. ఒక సివిల్ దావాలో క్రాస్ (అవతలి సాక్షిని ప్రశ్నించడం) ఉన్న రోజే షూటింగ్ పడింది. షూటింగే మార్పించుకున్నాను, కక్షిదారుడు గుంతకల్లు నుంచి బస్సెక్కి వస్తాడు మరి.

ఇక పోస్టులు. నడుస్తున్న కేసుల మీద రాయడం మానేశాను, అది మీరు చెప్పిందే. రాజకీయం మాత్రం రాస్తున్నాను. మా ఆవిడ ఇంకా తిడుతూనే ఉంది.