యాషికా ఎం.ఎఫ్-2లో సగం తీసిన పాత రీలు ఉంది, సిరిమానుకి ఇదే కెమెరా వాడొచ్చా?

గంటస్తంభం కుర్రాడు (విజయనగరం):

అందరికీ నమస్కారం. మా పెదనాన్న గారి బీరువా సర్దుతుంటే యాషికా ఎం.ఎఫ్-2 ఒకటి దొరికింది, కవరుతో సహా. సెల్స్ పెట్టే అరలో పచ్చగా చిలుము పట్టింది, లెన్స్ మాత్రం శుభ్రంగానే ఉంది. లోపల రీలు ఉంది, కౌంటర్ 22 దగ్గర ఆగింది. పెదనాన్న పోయి చాలా ఏళ్లయింది, అందులో ఏం ఫోటోలున్నాయో పెద్దమ్మకి కూడా గుర్తు లేదు. ఈసారి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం (పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పండగ) ఫోన్‌తో కాకుండా దీంతో తీయాలని గట్టిగా అనుకున్నాను. మిగిలినవి ఆ రీలులోనే తీసేసి అన్నీ ఒకేసారి కడిగించమంటున్నాడు (డెవలప్ చేయించమంటున్నాడు) మా ఫ్రెండ్. అలా చేయొచ్చా? రీళ్లు ఇప్పుడు ఎక్కడ కడుగుతున్నారు? నేను ఇంతవరకు ఫిల్మ్ ముట్టుకోలేదు, మొదటి నుంచి చెప్పినా పర్లేదు.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

బాబూ, ముందు ఆ వెనక తలుపు మాత్రం తెరవకు. స్టూడియోలో చాలా కాలం పనిచేశాను, ఇలాంటి కెమెరా చేతికి రాగానే అందరూ చేసే మొదటి పని అదే, పైన చుట్లలో ఉన్న ఫోటోలు అక్కడికక్కడే పోతాయి.

ఆ రీలులో కొత్త ఫోటోలు తీయొద్దు. ఫిల్మ్ పాతబడేకొద్దీ వెలుగుని పట్టే శక్తి తగ్గుతుంది, మన కోస్తా వేడికి, తేమకి ఇంకా త్వరగా తగ్గుతుంది. పదేళ్లకి ఒక స్టాప్, అంటే రెట్టింపు, ఎక్కువ వెలుగు ఇవ్వాలని ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది, అంటే ఇరవై ఏళ్ల రీలుకి నాలుగు రెట్ల వెలుగు కావాలి. సాయంత్రం పూట జరిగే సిరిమానుకి ఆ వెలుగు ఎక్కడి నుంచి తెస్తావు? పైగా కెమెరా పనిచేస్తుందో లేదో ఇంకా తెలీదు. తలుపు అంచున ఉండే స్పాంజి జిగురుగా మారి ఊడిపోతే లోపలికి వెలుగు దూరుతుంది, ఎండిన రీలు తిప్పేటప్పుడు చిరిగినా చిరగొచ్చు. ముప్పై ఆరు ఫోటోల రీలైతే మిగిలే పద్నాలుగు కోసం పెదనాన్న తీసిన ఇరవై రెండూ పణంగా పెట్టకు.

కెమెరా అడుగున చిన్న బటన్ ఉంటుంది. అది నొక్కి, పైన ఎడమవైపు మడత పిడి విప్పి, బాణం గుర్తు వైపు నెమ్మదిగా తిప్పు. చేతికి బిగువు తెలుస్తూ ఉంటుంది, ఒకచోట టప్పున వదులవుతుంది. ఆ తర్వాత కూడా ఇంకో నాలుగైదు చుట్లు తిప్పు. రాత్రిపూట లైటు తీసేసి, ఏదైనా చీకటి గదిలో తలుపు తెరిచి రీలు తీసి డబ్బాలో పెట్టెయ్. దీనికి సెల్స్ అక్కర్లేదు.

చిలుముకి నిమ్మరసం ఒక్క చుక్క ఇయర్‌బడ్ మీద వేసి రుద్ది, తడి లేకుండా తుడిచి బాగా ఆరనివ్వు. అంతకు మించి స్క్రూలు విప్పకు. ఫ్లాష్ వెనక కెపాసిటర్‌లో మూడొందల వోల్టుల దాకా ఉంటుంది, సెల్స్ తీసేశాక కూడా షాక్ కొడుతుంది. కొత్త పెన్సిల్ సెల్స్ వేశాక మొదట్లో ఫ్లాష్ లైటు వెలగడానికి చాలా టైమ్ పడుతుంది, కంగారు పడొద్దు, ఏళ్ల తరబడి వాడని ఫ్లాష్ నాలుగైదుసార్లు వెలిగాక గాడిలో పడుతుంది.

రీలు తీసేశాక ఖాళీ కెమెరాని వెలుగు వైపు పెట్టి, వెనక నుంచి చూస్తూ బటన్ నొక్కు. లెన్స్ మధ్యలో గుండ్రంగా వెలుగు తళుక్కుమనాలి. ఖాళీగా ఉన్నప్పుడు బటన్ దిగకపోతే పాడైందనుకోకు, చాలా కెమెరాల్లో ఫిల్మ్ కన్నాలకి తగిలే పళ్ల చక్రాన్ని వేలితో తిప్పితేగాని షట్టర్ (వెలుగుని లోపలికి వదిలే తెర) ఎక్కదు.

మూడు లాంతర్లు:

మాస్టారు కెమెరా సంగతి చెప్పేశారు, నేను సిరిమాను సంగతి చెప్తాను. అది దసరా తర్వాత వచ్చే మంగళవారం, మధ్యాహ్నం దాటాకగాని కదలదు, చివరికొచ్చేసరికి వెలుగు బాగా తగ్గిపోతుంది. కాబట్టి 400 రీలే తీసుకోండి (ఈ అంకె పెద్దదయ్యేకొద్దీ తక్కువ వెలుగు సరిపోతుంది), కొడాక్ అల్ట్రామాక్స్ అయినా పర్లేదు. లెన్స్ చుట్టూ 100, 200, 400 అని తిప్పేది ఉంటే ఎండ ఉన్నంతసేపు 400 దగ్గర ఉంచి, నీడ పడ్డాక 200కి, ఇంకా తగ్గితే 100కి తిప్పండి. అలా తిప్పితే కెమెరా ఎక్కువ వెలుగుని లోపలికి వదులుతుంది. ఇలాంటి కలర్ నెగటివ్ రీలుకి వెలుగు రెండు స్టాపులు ఎక్కువైనా ఫోటో వస్తుంది, తక్కువైతే మాత్రం బురదగా వస్తుంది.

ఫ్లాష్ వాడకండి. ఆ చిన్న ఫ్లాష్ నాలుగైదు మీటర్లు దాటి పనిచేయదు, మాను చివర కూర్చున్న పూజారి అంత ఎత్తున ఉంటే దానికి అందేదేంటి? పైగా మీ ముందున్నవాళ్ల తలలు మాత్రం తెల్లగా వెలిగిపోతాయి.

ఇది ఫిక్స్‌డ్ ఫోకస్ (ఫోకస్ మార్చడానికి వీల్లేని) కెమెరా, అయిదడుగులకన్నా దగ్గరున్నవి మసకబారతాయి. 38 ఎంఎం లెన్స్ కాబట్టి దూరం నుంచి తీస్తే పూజారి చీమంత కనిపిస్తాడు, దాని గురించి బాధపడకండి. కెమెరా నిలువుగా పట్టుకుని కింద జనం, పైన మాను, రెండూ పడేలా తీస్తేనే ఆ ఎత్తు తెలుస్తుంది. ఈ ఫోటోకి ఫోన్ జూమ్ కన్నా ఇదే మేలని నా గట్టి నమ్మకం. గుడి నుంచి కోట దాకా మాను మూడుసార్లు తిరుగుతుంది కదా, మొదటిసారి ఊరికే చూడండి, వెలుగు ఎటు నుంచి పడుతోందో, మీ చోటు నుంచి ఏది అడ్డొస్తోందో చూసుకోండి, రెండోసారి తీయండి. మాను వెనక ఆకాశం తెల్లగా ఉంటే మనిషి నల్లటి నీడలా వస్తాడు, సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడండి. జనమంతా మాను వైపే చూస్తుంటారు గానీ, దాని ముందు వెళ్లే పాలధార, తెల్ల ఏనుగు, బెస్తవారి వల కూడా వదలొద్దు, అవి నేలమీదే ఉంటాయి కాబట్టి ఈ కెమెరాకి బాగా అందుతాయి.

ఇంకోటి, ఇందులో మనం చూసే కన్నం వేరు, లెన్స్ వేరు. లెన్స్ మీద వేలు పడినా, కవరు తాడు అడ్డొచ్చినా మీకు కనిపించదు.

కళింగపట్నం లైట్‌హౌస్:

కడిగించడానికి నేను హైదరాబాద్‌కో, చెన్నైకో కొరియర్‌లో పంపుతాను. మామూలు కలర్ నెగటివ్ రీళ్లని సి-41 అనే పద్ధతిలో కడుగుతారు. పాత రీలు మీద 'పాతది, మామూలుగా కడగండి' అని చీటీ అంటించండి, ముందుగా ఫోన్ చేసి మాట్లాడండి. మీ పెదనాన్న గారిది బ్లాక్ అండ్ వైట్ అయితే మందులు వేరు, రీలు మీద పేరు చదివి చెప్పండి. నెగటివ్‌లు తిరిగి కావాలని తప్పకుండా రాయండి. ఒక ల్యాబ్ నాకు స్కాన్‌లు పంపి నెగటివ్‌లు పారేసింది, అడిగితే 'మీరు చెప్పలేదు కదా' అన్నారు. స్కాన్ పోతే మళ్లీ చేయించుకోవచ్చు, నెగటివ్ పోతే ఇక లేనట్టే.

సిరిమాను కన్నా ముందు ఒక రీలు పరీక్షకి వాడేయండి. గంటస్తంభం, కోట గోడ, ఇంట్లో పెద్దమ్మ, ఎండలో కొన్ని, నీడలో కొన్ని. అది కడిగించి చూశాకే పండక్కి తీసుకెళ్లండి.

గంటస్తంభం కుర్రాడు:

రాత్రే చుట్టేశాను మాస్టారూ, చిరగలేదు, మీరన్నట్టే టప్పున వదిలింది. రీలు మీద కొనికా 100 కలర్ అని ఉంది. పరీక్షకి 400 రీలు ఆర్డర్ పెట్టాను. కొత్త రీలు ఎక్కించాక అది నిజంగా తిరుగుతోందని బయటి నుంచి ఎలా తెలుస్తుంది?

నాగావళి ఒడ్డు:

ఎడమవైపు మడత పిడిని ముందు నెమ్మదిగా తిప్పి వదులు లేకుండా చూసుకో. ఆ తర్వాత ఫోటో తీసి రీలు ముందుకి తిప్పినప్పుడల్లా ఆ పిడి దానంతటదే వెనక్కి తిరగాలి. తిరగకపోతే ఫిల్మ్ పళ్లకి పట్టలేదన్నమాట, నీడలోకి వెళ్లి మళ్లీ ఎక్కించు. కొనికా రీలుకి భయం లేదు, సి-41లోనే కడుగుతారు.