చేతిలో తిండి లేకపోయినా కుక్క విద్య చేసేలా ఎలా నేర్పాలి?

మేము కడపలో ఉంటున్నాము. బ్రిటన్‌లో పిల్లలు తమ పెంపుడు కుక్కలకు విద్యలు నేర్పి పోటీపడే టీవీ కార్యక్రమాన్ని చూసినప్పటి నుండి, ఏడవ తరగతి చదువుతున్న మా అమ్మాయి మా నాటు కుక్కకు తానే శిక్షణ ఇస్తోంది. కూర్చోవడం, షేక్‌హ్యాండ్ ఇవ్వడం త్వరగానే వచ్చాయి. అయితే, అమ్మాయి అడుగులు వేస్తుంటే ఆమె కాళ్ల మధ్య నుండి అటూ ఇటూ దూరి నడిచే విద్య దగ్గర చిక్కు వచ్చింది. పిడికిట్లో ఉడికించిన కోడిమాంసం ముక్క ఉంటే ముక్కును చేతికి ఆనించి చక్కగా తిరిగే కుక్క, ఖాళీ చేతిని ఒకసారి వాసన చూసి, అక్కడే చతికిలబడుతుంది. (జొన్నరొట్టె ముక్కకైతే అసలు కదలదు, దాని అభిరుచి అటువంటిది.)

సరిగా చేసిన క్షణాన్ని శబ్దంతో సూచించి, ఆ వెంటనే తిండి పెట్టాలని తెలుసు. అందుకు వాడే, నొక్కితే టిక్కుమనే చిన్న పరికరం క్లిక్కర్ ఇక్కడి దుకాణాలలో దొరకనందున టిక్కుమనే బాల్‌పెన్నును వాడుతున్నాము. కుక్కలకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు కనుక, ఎండ నలభై డిగ్రీలు దాటే ఈ రోజుల్లో తెల్లవారుజామునే, అదీ కొద్దిసేపే సాధన చేయిస్తున్నాము.

చేతిలోని తిండిని ఏ దశలో, ఎలా తప్పించాలో, ఖాళీ చేతి సైగకు కుక్కను ఎలా అలవాటు చేయాలో అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.